పోవా అంటే పొమ్మని కాదు

సోమవారం పొద్దున తుకారాం వేసుకున్న లెక్క చాలా సాఫీగా ఉంది. ఎనిమిదింటికి షాపు తెరవడం, కాజాలు కుట్టే సీతాబాయికి పని అప్పజెప్పడం, తొమ్మిదిన్నరకు హమీసి గదికి వెళ్లి చివరి స్వాహిలీ క్లాసు వినడం, ఒంటిగంటకు ఇంట్లో భోజనం, మూడింటికి శాంపిళ్లు ఇస్త్రీ చేయించి హ్యాంగర్లకు తగిలించడం, నాలుగింటికి గుమ్మంలో నిలబడి మామా రెహెమాకు స్వాహిలీ భాషలో స్వాగతం చెప్పడం. ఇందులో మొదటి మూడు మాత్రమే జరిగాయి. ఆ మూడోది కూడా జరగకపోతే బాగుండేదని అతని భార్య ప్రమోద ఇప్పటికీ అంటుంది.

మామా రెహెమా టాంజానియాలో ఒక బడికి హెడ్మిస్ట్రెస్; మామా అంటే వాళ్ల భాషలో అమ్మ. చెల్లెలికి మోకాలి ఆపరేషన్ చేయించడానికి పంజాగుట్టలోని ఒక ఆస్పత్రికి వచ్చి, నెల రోజులుగా ఆ పక్క లాడ్జిలోనే ఉంటోంది. ఒకరోజు అమీర్‌పేటలో చెప్పులు కొనుక్కుని వెళ్తూ, శ్రీ మార్కండేయ యూనిఫామ్స్ అనే తుకారాం షాపు బోర్డు కింద బొమ్మకు తొడిగిన గళ్ల గౌను చూసి ఆగింది. తన బడిలో ఆరువందల మంది పిల్లలున్నారని, ఒక్కొక్కరికి రెండు జతలు కావాలని, శాంపిళ్లు కుట్టి ఉంచితే సోమవారం వచ్చి చూస్తానని, బుధవారం తన విమానమని చెప్పింది. ఇదంతా ఇంగ్లీషులో చెప్పింది. తుకారాం తనకొచ్చిన ఇంగ్లీషులో జవాబిచ్చాడు. ఇద్దరికీ అంతా అర్థమైంది. కథ అక్కడితో ఆగి ఉంటే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

కానీ తుకారాంకు భయం పట్టుకుంది. తాత సిరిసిల్లలో మగ్గం మీద బతికాడు, తండ్రి ఈ గల్లీలో కుట్టుమిషను మీద బతికాడు. తన దాకా వచ్చేసరికి రెండేళ్లలో మూడు బడులు రెడీమేడ్ కంపెనీల వైపు వెళ్లిపోయాయి. షాపులో ఎనిమిది మిషన్లుంటే ఐదింటి మీద దుప్పట్లు కప్పి ఉన్నాయి. ఈ ఆర్డరు రాకపోతే మిగిలిన మూడింటి మీద కూడా దుప్పట్లు కప్పి షట్టరు దించడమే. భయపడ్డ మనిషి వచ్చిన పని వదిలేసి రాని పని ఎత్తుకుంటాడు. తుకారాం ఆమె భాష స్వాహిలీ నేర్చుకుంటానన్నాడు.

"ఆమెకు ఇంగ్లీషొస్తది గద. నీకెందుకు గీ లొల్లి?" అంది ప్రమోద. ఇరవై రెండేళ్లుగా ఇలాంటి ప్రశ్నలు అడుగుతూనే ఉంది.

"ఆమె భాషల మాట్లాడితె ఆమె మనసుల పడ్తం. బిజినెస్ నీకెరుక లేదు."

"బట్ట చూపియ్యి. బట్టకు భాషుంటదా?"

తుకారాం అప్పటికే చెప్పులేసుకుని మెట్లు దిగుతున్నాడు.

గురువు కోసం దూరం పోనక్కర్లేకపోయింది. వెనక గల్లీలోని హాస్టల్లో హమీసి అనే టాంజానియా ఆయన ఉన్నాడు. మనిషి ఆరున్నర అడుగులు. హైదరాబాదులో దొరికే ఏ ప్యాంటూ అతని చీలమండల దాకా రాదు కాబట్టి, మడత విప్పించుకోవడానికి మూడేళ్లుగా తుకారాం దగ్గరికి వస్తూ తెలుగు కూడా నేర్చేసుకున్నాడు. అక్కడ బడిపంతులుగా పనిచేసి ఇక్కడికి పైచదువుకు వచ్చాడు. పద్ధతి గల మనిషి. ఇరవై పాఠాలు వరసగా రాసుకుని తెచ్చాడు. తుకారాం ఆ కాగితం తీసుకుని, కోచింగ్ సెంటర్ల అమీర్‌పేట ఆనవాయితీ ప్రకారం, సగం పాఠాలు కొట్టేశాడు.

"బేసిక్స్ వద్దు హమీసి భాయ్. డైరెక్ట్ మాట్లాడుడు నేర్పు. ఐదో పాఠం ఏంది గిది?"

"టైమ్ చెప్పడం అన్నా. మా దగ్గర టైమ్ జర వేరే ఉంటది."

"అంకెలు వచ్చినయ్ గద. అంకెలొచ్చినంక టైమ్ రాదా? కొట్టెయ్."

రెండోరోజుకే తుకారాం సొంతంగా ఒక సిద్ధాంతం కూడా కనిపెట్టాడు. ఇక్కడ కబురుకు ఖబర్ అంటే అక్కడ హబరి. ప్రయాణానికి ఇక్కడ సఫర్, అక్కడ సఫారి. కాలానికి ఇక్కడ వక్త్, అక్కడ వకాతి. చాయ్ అయితే రెండుచోట్లా చాయే. "అరె, గిది మన హైదరాబాదీ భాషనే భాయ్! చివర్ల ఇ పెడితె అయిపాయె" అని తీర్మానించి, తెలియని మాట వచ్చిన చోటల్లా తెలిసిన మాట పట్టుకుని దాని తోకకు ఇకారం తగిలించసాగాడు. కత్తెరకు కైంచీ అన్నాడు. దానికి ఇకారం ముందే ఉంది కదా అని ఇంకొంచెం సాగదీసి కైంచీఈ అన్నాడు. హమీసి కళ్లు మూసుకుని మనసులో పది లెక్కపెట్టాడు. కుక్క తోక వంకర తియ్యలేమని అతనికీ తెలిసిపోయింది.

చివరికి అతను ఒకే నియమం పెట్టాడు. క్లాసు జరిగినంతసేపు నోట తెలుగు రాకూడదు. ఫోనొచ్చినా సరే, స్వాహిలీలోనే మాట్లాడాలి. "ఏం తోచకపోతే 'పోవా' అనెయ్ అన్నా. 'సరే, మంచిది' అని. ఎక్కడైనా పనికొస్తది" అని అభయం కూడా ఇచ్చాడు.

ఆదివారం సాయంత్రం తుకారాం గురువుకు చెప్పకుండా మామా రెహెమాకు ఫోనులో గొంతు రికార్డు చేసి పంపాడు. "మామా, కరిబు దుకాని, కేషో సా న్నే." అమ్మా, రేపు నాలుగింటికి మా షాపుకు రండి అని అతని ఉద్దేశం. సరేనని ఆమె నుంచి జవాబొచ్చింది. ఆ క్షణంలో టేపు పెట్టి కొలిస్తే తుకారాం ఛాతీ రెండంగుళాలు ఎక్కువ వచ్చేది.

సోమవారం పది దాటి పది నిమిషాలకు, హమీసి గదిలో క్లాసు మంచి ఊపులో ఉండగా ఫోను మోగింది. అవతల సీతాబాయి. అరవై ఏళ్ల మనిషి. తుకారాం తండ్రి కాలం నుంచి ఆ షాపులోనే ఉంది.

"సేట్, ఎవరో మేడమొచ్చింది. కూసుండమనాల్నా, పొమ్మనాల్నా?"

తుకారాం నోట్లోకి తెలుగు వచ్చేసింది. హమీసి వేలు చూపించాడు. తుకారాం ఆ తెలుగును మింగి, గురువు మెచ్చేలా గట్టిగా "పోవా! పోవా!" అని ఫోను పెట్టేశాడు. ఇన్ని రోజుల్లో మొదటిసారి హమీసి నవ్వాడు.

పదీ నలభై అయిదుకు క్లాసు ముగిసింది. సాయంత్రం మీటింగుకు మేడంను ఎలా పిలిచావని హమీసి అడిగాడు. తుకారాం గర్వంగా ఫోను తీసి ఆ మెసేజ్ వినిపించాడు. హమీసి రెండుసార్లు విని, మంచం మీద కూలబడ్డాడు.

"సా న్నే అన్నావా?"

"నాలుగు అని. న్నే అంటె నాలుగే గద?"

"నాలుగే. మా నాలుగు! మాకు పొద్దున ఆరింటికి లెక్క మొదలు. ఏడైతే ఒకటి. పదైతే నాలుగు. ఐదో పాఠం అన్నా! నువ్వు కొట్టేసిన ఐదో పాఠం!"

తుకారాంకు ఇందాక షాపుకొచ్చిన మేడం గుర్తొచ్చింది. వెంటనే సీతాబాయికి ఫోను కొట్టాడు.

"సీతక్కా, ఇందాక వచ్చిందెవరు?"

"ఎవరో ఆఫ్రికా మేడం."

"ఏం చెప్పినవ్ ఆమెకు?"

"మీరు చెప్పిందే. పోవా, పోవా అన్న. ఆమె సుత..."

తుకారాం ఇక వినలేదు. ఫోను కట్ చేసి గోడకు చేరగిలబడ్డాడు. ఆరువందల మంది పిల్లల తల్లిలాంటి మనిషిని గుమ్మంలోంచి "ఇంకా పోవా" అని గద్దించి పంపేశారు. మర్యాద పోయింది, ఆర్డరు పోయింది, తండ్రి పెట్టిన షాపు కూడా పోయినట్టే. ఆమె ఆస్పత్రికి తిరిగి వెళ్లి ఉంటుంది, వెంటనే వెళ్లి కాళ్లు పట్టుకోవాలి అనుకున్నాడు. హమీసి వంగి తన బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. అంత పొడుగు మనిషి వంగి లేవడానికి ఒక నిమిషం పడుతుంది. ఆ నిమిషంలో తుకారాం ఇంకో మెసేజ్ పంపేశాడు. ఏడుస్తూనే మాట్లాడాడు. "మామా రెహెమా... పోలే. పోలే సానా. నినకూజా హాస్పిటలి."

హమీసి తల ఎత్తాడు. "పోలే ఎందుకన్నావ్?"

"సారీ చెప్పిన. హాస్పిటల్‌కు వస్తున్న అన్న."

"తప్పు నీదైతే సమహాని అనాలె! పోలే అంటే... చావు జరిగిన ఇంటికి పోయి 'అయ్యో, మీకెంత కష్టమొచ్చె' అంటరు గద, అది!"

"మరి హాస్పిటలి?"

"అది కరెక్ట్."

ఇకారం తగిలించి తుకారాం తయారు చేసిన మాటలన్నిట్లో సరిగ్గా కుదిరింది అదొక్కటే. అది కూడా తప్పయి ఉంటే ఎంత బాగుండేది! ఏడుపు గొంతుతో "అయ్యో, మీకెంత కష్టమొచ్చింది, ఆస్పత్రికి వస్తున్నాను" అని మెసేజ్ వస్తే, చెల్లెలిని ఆస్పత్రిలో వదిలి వచ్చిన మనిషి ఏమనుకుంటుంది? హమీసి ఆమెకు ఫోను చేశాడు. బిజీ. మళ్లీ చేశాడు. మళ్లీ బిజీ. ఆమె చెల్లెలికి చేస్తూ ఉంది, ఆ చెల్లెలేమో ఫోను గదిలో వదిలి నడక ప్రాక్టీసుకు వెళ్లింది.

అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు మెట్రోలో ఒక్క స్టేషను, రెండు నిమిషాలు. తుకారాం తొందరలో ఆటో ఎక్కించాడు. ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. హమీసి మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చుని, దారి పొడుగునా "ఐదో పాఠం" అని గొణుగుతూనే ఉన్నాడు.

ఆస్పత్రి రెండో అంతస్తు వరండాలో మామా రెహెమా చెల్లెలిని వాటేసుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. చెల్లెలు వాకరు పట్టుకుని నిలబడి, తనకేమైందో తనకే తెలియక విసుక్కుంటోంది. ఆ కన్నీళ్లు చూసేసరికి తుకారాం గుండె కరిగిపోయింది. చేతులు జోడించి, అలవాటు కొద్దీ, "పోలే సానా మామా" అన్నాడు.

మామా రెహెమా కెవ్వుమంది. చెల్లెలి ఒళ్లంతా తడిమి, డాక్టరు తన దగ్గర ఏదో దాచాడని అరవసాగింది. ఇద్దరు నర్సులు పరుగెత్తుకొచ్చారు. హమీసి తన పెద్ద అరచేతితో తుకారాం నోరు మూసేసి, ఆ చెయ్యి తియ్యకుండానే పావుగంట సేపు స్వాహిలీలో మొత్తం కథ చెప్పుకొచ్చాడు. చెల్లెలు మోకాలు నొప్పి పుట్టేదాకా నవ్వింది. మామా రెహెమా నవ్వలేదు. కళ్లు తుడుచుకుని, వేలితో స్టూలు చూపించింది. తుకారాం కూర్చున్నాడు.

"బట్టలు అడిగాను. భాష అడిగానా?" అంది ఆమె. హమీసి తెలుగులో చెప్పాడు. అచ్చం ప్రమోద మాటే.

తుకారాంకు ఇక తన తెలుగు తప్ప ఏ భాషా మిగల్లేదు. "మేడం, ఎనిమిది మిషన్లున్నయ్. ఐదు మూత పడ్డయ్. మీ ఆర్డర్ రాకుంటె మిగిలినయ్ సుత మూత పడ్తయ్. భయమైంది మేడం. భయంల ఏం చేస్తున్ననో నాకే సమజ్ కాలె" అన్నాడు తెలుగులో. హమీసి ఈసారి గొంతు తగ్గించి, నెమ్మదిగా ఆమెకు వినిపించాడు.

ఆమె సంచిలోంచి ఒకే చెయ్యి ఉన్న చొక్కా తీసి ఒళ్లో పరిచింది. రెండో చెయ్యి ఇంకా కుట్టలేదు. అది తన షాపులోని శాంపిలేనని తుకారాం గుర్తుపట్టాడు.

"నేను పొద్దున వెళ్తే మీ సీతాబాయి 'పోవా, పోవా' అంది. అంతా మంచిదే అంటోంది కాబోలనుకుని నేనూ 'పోవా' అని కూర్చున్నాను. ఆమె వింతగా చూసి, టీ తెప్పించి ఇచ్చింది. ఇస్త్రీ చేసి హ్యాంగరుకు వేస్తే ఎవరి బట్టయినా బాగుంటుంది. నేను సగం కుట్టినవి తిరగేసి చూశాను. లోపల రెండు వరసల కుట్టు. పిల్లలు పెరిగితే విప్పుకోవడానికి అంచులో రెండంగుళాల గుడ్డ. ఆమె బలంగా లాగి చూపించింది, ఒక్క పోగు కదలలేదు. మా పిల్లలు చెట్లెక్కుతారు. నాకు కావలసింది ఇదే. మీరు సాయంత్రం పిలిచి ఉంటే ఇది చూసేదాన్ని కాదు. ఆర్డరు కాగితం మీద సంతకం పెట్టబోతుంటే మీ మెసేజ్ వచ్చింది."

ఆ కాగితం ఆమె సంచిలోనే ఉంది. వరండాలో అందరూ చూస్తుండగా, చెల్లెలి వాకరు మీద ఆనించి సంతకం పెట్టింది. తుకారాం కళ్లలో నీళ్లు తిరిగాయి. కృతజ్ఞతగా ఏదో అనడానికి నోరు తెరిచాడు. హమీసి చెయ్యి మళ్లీ లేచింది. తుకారాం నోరు మూసుకున్నాడు.

సంతకం కింద ఆమె సొంత దస్తూరీతో ఒక షరతు రాసింది. ఇక నుంచి బడికీ షాపుకూ మధ్య ఏ మాటయినా షాపు తరఫున సీతాబాయి ఒక్కతే మాట్లాడాలి.

సీతాబాయికి స్వాహిలీ ఒక్క ముక్క రాదు. ఆమె అర్హత అదే.