మేరమ్మ రూపాయి

ఆ శనివారం పొద్దున మణెమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. పెనిమిటి అహరోను వదిలిపోయిన రాణి బొమ్మ రూపాయిని చింతపండుతో తోమి, తెల్లగుడ్డలో ముడివేసి, మర్నాడు చర్చిలో కోతల పండుగకు ఆయన పేరున కానుక వేయాలి. జర్మనీ యుద్ధం మొదలైన మరుసటి సంవత్సరం అది. అహరోను పోయి అప్పటికి సరిగ్గా ఏడాది.

తోమితే రూపాయి తళతళలాడింది. దాన్ని కానుక వేయడానికి మణెమ్మ మనసే ఒప్పుకోలేదు. ఎందుకంటే అది దొంగ రూపాయని ఇరవై ఏళ్లుగా పుంగనూరంతా చాటింది ఆమే. పెళ్లినాడు అత్త మేరమ్మ దాన్ని చేతిలో పెట్టగానే కొత్త కోడలు చాటుకు పోయి గడప రాతి మీద వేసి చూసింది. ఖంగుమనలేదు. పెంకు పడ్డట్టు టప్‌మంది. ఆనాటి నుంచి మొగుడూ పెళ్లాల మధ్య ఏ మాట పెరిగినా చివరికి రూపాయి దగ్గరికే చేరేది.

"మీయమ్మ నాకిచ్చింది సెల్లని రూపాయి, సెల్లని కొడుకు" అనేది మణెమ్మ.

"రూపాయి మంచిదే మణీ. దాని కథేందంటే..." అని ఆయన మొదలుపెట్టేవాడు.

"మీయమ్మ కథలు నాకొద్దు" అని ఆమె లేచిపోయేది.

ఇప్పుడు దేవుని ముందు దొంగ రూపాయి పెట్టడం ఎలా? ఒక్కసారి చూద్దామని గడప మీద వేసింది. టప్.

గోడ అవతల పిడకలు తడుతున్న చిన్నక్క తల ఎత్తింది. "ఏందక్కా అది, సెల్లని దుడ్డు సప్పుడు?"

"ఏమీ లేదే. పెంకు పడింది."

అంతలోనే చిన్నక్క చేతులు కడుక్కుని వచ్చేసింది. తన రొండిన ఉన్న రూపాయి తీసి గడప మీద వేసింది. ఖంగుమంది. మణెమ్మది వేసింది. టప్‌మంది. తరువాత దాన్ని నోట పెట్టి కొరికింది. "మెత్తగా తగల్తాండాది" అని తేల్చేసింది. ఎప్పుడో ఎద్దు తల విసిరి కొట్టినప్పుడే చిన్నక్కకు ముందు పండ్లు రెండూ ఊడిపోయాయి.

బావి దగ్గర ఆమె చెప్పింది ఒక్క దొంగ రూపాయి గురించే. కడవలు ఇళ్లకు చేరేసరికి అది గంపెడైంది. ఎండ ఎక్కేసరికి దానికి రూపాయిలు పోసే అచ్చుదిమ్మ కూడా తోడైంది.

మధ్యాహ్నానికి గంగులప్ప వచ్చాడు. పోలీసు ఉద్యోగం మాని ఆరేళ్లయినా పంచె మీద బెల్టు మానలేదు. "అహరోను కుప్పంలో ఏం పని సేస్తాండె?"

"కాంపౌండరు. నీకు తెలీదా అప్పా?"

"కాంపౌండరు! అంటే ద్రావకాలు. వెండి పూతకు ఏం కావల్ల? ద్రావకమే!"

వాకిట్లో చేరిన జనం తలలూపారు.

"ఆయన కలిపింది దగ్గు మందప్పా!" అంది మణెమ్మ.

వెనక నుంచి గొర్రెల రంగప్ప ముందుకు తోసుకొచ్చాడు. "మూడేండ్ల కింద నా కాడ మేకను కొన్నాడు. ఇచ్చిన రూపాయిలు ఎట్లాటివో ఏమో. నా మేక నాకియ్యి."

"దాన్ని ఆ క్రిస్మస్‌కే కోసి తింటిమి కదప్పా! నువ్వూ వచ్చి రెండుసార్లు పులుసు పోయించుకుంటివి."

"అది నా మేకేనని నాకు ఎవురు సెప్పినారు?"

మణెమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "సచ్చిపోయినోని మీద ఇంత నింద యాల ఏస్తాండారు? మా ఇంటాయన దొంగ రూపాయి దాసినాడని ఎవురు సెప్పినారు మీకు?"

అందరూ ఆమెకేసే చూశారు.

"నువ్వే కదక్కా" అంది చిన్నక్క మెల్లగా. "నేను ఈడికి కాపురానికి వచ్చిన పొద్దు నుంచి ఇంటాండా."

మణెమ్మ రూపాయిని కొంగున ముడేసుకుంది. చీర మార్చుకుని మదనపల్లె బస్సెక్కింది. సాక్ష్యానికి గంగులప్ప, తోడుకు చిన్నక్క, మేక కోసం రంగప్ప వెంట ఎక్కారు.

అక్కడ కంసాలి వెంకటేశులు రూపాయిని తూచాడు, గీటురాయి మీద గీశాడు. "వెండే" అన్నాడు.

"పైన పూత కావచ్చు. లోపల సూడల్ల. కొయ్యి" అన్నాడు గంగులప్ప.

"కోస్తే మళ్లా అతకదమ్మా" అన్నాడు కంసాలి.

మణెమ్మ రాణి ముఖం వంక కాసేపు చూసింది. "కొయ్యప్పా. ఆయన పేరు నిలబడల్ల."

ఉలి రాణి చెవి దాకా దిగింది. లోపలంతా తెల్లటి వెండి. గంగులప్ప బెల్టు సర్దుకుని వీధిలోకి చూడసాగాడు.

"మరి పలకదేం?" అంది మణెమ్మ.

కంసాలి రూపాయి అంచున బియ్యపు గింజంత నల్లటి మరక చూపించాడు. "ఈడ కొండి అతికించి ఉండారు. దండలో కూర్చిన రూపాయమ్మా ఇది. కొండి తుంచేసినా దాన్ని అతికిన టంకం మిగిలిపోయింది. అది పట్టుకోనుంటే రూపాయి యాడ పలుకుతాది? రోంత గీకి ఉంటే ఖంగుమనేది."

"ఇప్పుడు గీకు."

"ఇప్పుడు కోసేస్తిమి కదమ్మా."

చిన్నక్క నోటి మీద చెయ్యి వేసుకుంది. "మా అత్త సెప్తాండె అక్కా! మేరమ్మవ్వ రామసముద్రంలో గొర్రెలు మేపేటోళ్ల బిడ్డంట. మెడ నిండా రూపాయిల దండంట. బాప్తిస్మం తీసుకున్న పొద్దు తెంపి లేనోళ్లకు పంచేసి, ఒక్కటి మాత్రం రాబోయే కోడలికని దాసిందంట. అది ఇదేనని నేనేమన్నా కలగన్నానా? అన్న నీకు సెప్పలేదా?"

'దాని కథేందంటే' వరకే మణెమ్మకు తెలుసు.

తిరుగు బస్సు ఊరు దగ్గర పడ్డాక రంగప్ప గొంతు సవరించుకుని, "మేక సంగతి ఇడిసిపెడతాండా అక్కా" అన్నాడు. మణెమ్మ కిటికీ వైపు తిరిగి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. మంచిదే మణీ అని ఆయన ఎన్నిసార్లు అన్నాడో లెక్కపెట్టబోయి మానుకుంది.

మర్నాడు రూపాయిని కానుక సంచిలో వేసింది. ఆరాధన అయ్యాక సంఘ పెద్ద జ్ఞానశేఖర్ దాన్ని అరచేతిలో పెట్టుకుని ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. "తప్పుగా అనుకోవద్దమ్మా. కోసిన రూపాయిని బజార్లో ఎవురూ తీసుకోరు. వేరేది ఉంటే ఎయ్యి" అన్నాడు.

దొంగదన్న పేరు మోస్తూ ఇరవై ఏళ్లు మంచిగానే ఉన్న ఆ రూపాయి, మంచిదని రుజువైన మర్నాటి నుంచి చెల్లకుండా పోయింది.