కంప్యూటర్ అడిగితే వద్దనాలి

ఆ పొద్దున గుమస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఫర్నిచర్ దుకాణం పాత డ్రైవరు మోకాలి ఆపరేషన్‌కు సెలవు పెట్టాడు. వ్యానులోని జీపీఎస్ పరికరంలో ఖాతాదారుల ఇళ్లన్నిటికీ అతను గుర్తులు పెట్టుకున్నాడు. ఆ గుర్తుల ఫైలును స్ప్రెడ్‌షీట్‌గా మార్చి కొత్త డ్రైవరు ఫోన్‌లోకి ఎక్కించాలి. గుమస్తా ఉద్యోగం ఖాయమో, ఇంటికి పొమ్మనడమో ఆ సాయంత్రమే యజమాని తేలుస్తానన్నాడు. కాబట్టి పగలంతా బుద్ధిగా ఉండాలి, అంతే.

బయల్దేరుతుంటే భార్య రోజూ చెప్పేదే మళ్లీ చెప్పింది. "కంప్యూటర్ ఏదైనా అడిగితే వద్దనండి. పోయినసారి మీరు సరే అన్నందుకే మన పెళ్లి ఫొటోలన్నీ హరీమన్నాయి."

ఫైలు తెరిస్తే అక్షరాలూ అంకెలూ అడ్డదిడ్డమైన గుర్తులూ ఒకే గడిలో కుక్కి ఉన్నాయి. గుమస్తా తంటాలు పడి, ఇలాంటి ఫైళ్లను మార్చే చిన్న ప్రోగ్రామ్ ఒకటి సంపాదించాడు. అది పేరొక వరసలో, అక్షాంశం ఒక వరసలో, రేఖాంశం ఒక వరసలో ముత్యాల్లా పేర్చి పెట్టింది. అతనికి ముద్దొచ్చి తెరను చేత్తో నిమిరాడు.

"పేర్లు అకారాది క్రమంలో ఉండాలోయ్!" అన్నాడు వెనకనుంచి యజమాని.

ఆయనకు అన్నీ అకారాదిలోనే ఉండాలి. దుకాణం గుమ్మంలో అద్దాలు, తర్వాత ఉయ్యాలలు, మధ్యలో మంచాలు, ఎక్కడో చివర సోఫాలు. సోఫా కోసం బయల్దేరినవాళ్లు సగం దారిలో మంచం మీద వాలిపోవడం కద్దు. ఇంత దుకాణం ఉన్నా ఆయన ఇంట్లో ఉన్నవి రెండు ప్లాస్టిక్ కుర్చీలు. సోఫా కావాలని భార్య పెళ్లయిన నాటినుంచీ పోరుతోంది. "అది అమ్ముకునే సరుకు, కూర్చునేది కాదు" అంటాడాయన.

గుమస్తా పేర్ల వరసను ఎంచుకుని మీట నొక్కాడు. పేర్లతో పాటు పక్క వరసలను కూడా జరపమంటారా అని కంప్యూటర్ అడిగింది. గుమస్తా చిరునవ్వు నవ్వి, వద్దన్నాడు. దాంతో పేర్లు కదిలాయి, ఇళ్లు కదల్లేదు. ఆ సంగతి తెలియని కొత్త డ్రైవరు ఉయ్యాల, డబుల్ కాట్, సోఫా వ్యానులో వేసుకుని ఈల వేస్తూ వెళ్లాడు.

మొదటి ఫోన్ ఒక రిటైర్డ్ మాస్టారి భార్యది. "బాబూ, మాకు ఉయ్యాల పంపించింది మా అమ్మాయిల్లో ఎవరు? పెద్దదాన్ని అడిగితే చిన్నదంటుంది, చిన్నదాన్ని అడిగితే పెద్దదంటుంది!"

గుమస్తాకు ఏమీ అర్థం కాలేదు. ఎందుకైనా మంచిదని, "శుభం అమ్మా" అన్నాడు.

"అంటే నీక్కూడా తెలుసన్నమాట! కన్నతల్లికి మాత్రం చెప్పకూడదా?" అని ఆవిడ ఠపీమని ఫోన్ పెట్టేసింది.

రెండోది పెళ్లికాని టైలరుది. "ఏవండీ, మీవాడు డబుల్ కాట్ దించిపోయాడు. మా అమ్మ అది చూసి, కోడలెక్కడ దాక్కుందో అని ఇల్లంతా గాలిస్తోంది. బీరువా వెనక కూడా చూసింది!"

మూడోది పళ్ల డాక్టరుది. "నా సోఫా ఏదయ్యా? పేషెంట్లందరూ నిలబడే ఉన్నారు. ఉన్న పళ్లు కూడా నూరుకుంటున్నారు!"

గుమస్తా డ్రైవరుకు ఫోన్ చేశాడు. "సోఫా ఎక్కడ దించావు?"

"డాక్టరుగారి దగ్గరేనండి."

"ఆయనదేనా అని అడిగావా?"

"మ్యాపు ఉండగా మనుషుల్నెందుకండీ అడగడం? పచ్చ గేటు. లోపల రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒకదానికి చెయ్యి లేదు. పేషెంట్ల గదే అనుకున్నా. ఒక పెద్దావిడ సోఫా చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నారు, పాపం."

ఆ చెయ్యి లేని కుర్చీ గుమస్తాకు బాగా తెలుసు. ఉద్యోగం అడగడానికి వెళ్లినప్పుడు కూర్చున్నది దాని మీదే. పాత డ్రైవరు రోజూ యజమాని భోజనం క్యారియర్ తెచ్చేవాడు కనుక ఆ ఇంటికీ గుర్తు పెట్టుకున్నాడు. ఇవాళ క్యారియర్ తెచ్చేవాడు లేక యజమాని స్వయంగా ఇంటికి భోజనానికి వెళ్లాడు. ఉద్యోగం పోయినట్టే అనుకుని గుమస్తా తన టిఫిన్ డబ్బా, గొడుగు సర్దుకున్నాడు. భార్యకు ఏం చెప్పాలో తలుచుకుంటే ఏడుపొచ్చింది.

అంతలో యజమాని ఫోన్ చేశాడు. "ఏమయ్యా, ఈ సోఫా నీ పనేనా?"

"తప్పయిపోయింది సార్! ఇప్పుడే వెనక్కి..."

"మెల్లగా! ఆవిడ వింటుంది." యజమాని గొంతు తగ్గించాడు. "నేనే చెప్పకుండా పంపించాననుకుంటోంది. అడక్కుండానే మారు వడ్డించిందయ్యా! ఇక నేను కాదనలేను, నువ్వూ కాదనకు."

"మరి నా ఉద్యోగం సార్?"

"నిన్ను తీసేస్తే ఎందుకు తీసేశారని ఆవిడ అడగదూ? ఖాయం చేశాను, పో. డాక్టరుకు ఇంకో సోఫా పంపించు. ఆ పట్టిక సరిచెయ్యి."

సాయంత్రానికి మంచం వెనక్కి వచ్చింది గానీ ఉయ్యాల రాలేదు. తల్లి పోరు పడలేక మాస్టారి చిన్న కూతురు నెల తప్పిన నిజం ఒప్పేసుకుంది. అడిగినవాళ్లకు వేరే ఉయ్యాల వెళ్లింది.

గుమస్తా ఫైలును మళ్లీ మొదటినుంచీ మార్చాడు. పక్క వరసల సంగతి కంప్యూటర్ అడిగినప్పుడు, ఈసారి సరే అన్నాడు. పేర్లన్నీ బుద్ధిగా తమ తమ ఇళ్లతో సహా అకారాదిలో నిలబడ్డాయి. ఉద్యోగం ఖాయమైందని భార్యకు ఎలా చెప్పాలా అని మురిసిపోతూ అతను పట్టిక మూయబోయాడు.

చేసిన మార్పులు సేవ్ చెయ్యమంటారా అని కంప్యూటర్ అడిగితే, వద్దని చెప్పి ఇంటికి వెళ్లాడు.