సున్నా నంబరు డిస్కు

ఆదివారం పొద్దున బీమా ఆఫీసు గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, పది నిమిషాల్లో కంప్యూటర్‌కి కొత్త హార్డ్ డిస్కు తగిలించాలి, ఆపైన మధ్యాహ్నం దాకా ఎవరు పిలిచినా పలక్కుండా పడుకోవాలి. ఆరు రోజుల ఆఫీసు అలసట ఒంట్లో అలాగే ఉంది.

డిస్కు అవసరం ఆయన భార్యది. ఆవిడ సైన్సు టీచరు. పదో తరగతి ప్రశ్నపత్రం సాయంత్రం ఐదింటికల్లా హెడ్మాస్టరుకి పంపాలి. కంప్యూటరేమో రెండు రోజులుగా చోటు లేదంటూ ఒక్క బొమ్మ కూడా దాచుకోనివ్వడం లేదు.

ఆయన కంప్యూటర్ పెట్టె మూత విప్పి, దుమ్ముకి నాలుగు తుమ్ములు తుమ్మి, కొత్త డిస్కుని పాతదాని పక్కన బిగించి స్విచ్ వేశాడు. కంప్యూటర్ లేచింది. కొత్త డిస్కు మాత్రం అందులో ఎక్కడా కనబడలేదు. ఆపి మళ్ళీ వేశాడు. ఊహూఁ.

"మా తమ్ముడికి ఫోన్ చెయ్యండి," అంది భార్య.

అంతకన్నా ఆదివారం కూడా ఆఫీసుకి పోవడమే నయమనిపించింది ఆయనకి. బావమరిదికి కంప్యూటర్ల షాపు ఉంది. సమస్య పూర్తిగా వినకముందే మందు చెప్పే రకం.

"కేబుల్ పాడై ఉంటుంది బావగారూ. పాతదాని కేబుల్ కొత్తదానికి, కొత్తదానిది పాతదానికి మార్చి చూడండి."

మార్చాడు. ఈసారి కంప్యూటరే లేవలేదు. అసలు డిస్కే లేదని నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి.

"నా పేపరెక్కడుందండీ?" వెనక నుంచి నెమ్మదిగా అడిగింది భార్య.

"లోపలే ఉంది."

"లోపలంటే?"

ఆయన విప్పిన పెట్టె వైపు చూపించాడు. ఆవిడ గోడ గడియారం వైపు చూసింది. అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది. అరగంట వెతికితే వదులైన కేబుల్ ఒకటి దొరికింది. గట్టిగా నొక్కాక పాత డిస్కు లేచింది. కొత్తది షరా మామూలే.

"అయితే కేబుల్ కాదు. కొత్తది కదా, డి అనో ఇ అనో దానికో లెటర్ ఇవ్వాలి," అన్నాడు బావమరిది ఫోన్ స్పీకర్లోంచి.

"ఆదివారం పూట లెటర్ ఎవరు తీసుకుంటార్రా?" అంది హాల్లో టీవీ చూస్తున్న ఆయన తల్లి.

"నీక్కాదమ్మా!" అన్నాడు గుమాస్తా.

"డిస్కుల పట్టీ తెరిచారా? సున్నా, ఒకటి అని నంబర్ల వారీగా కనబడుతున్నాయా బావగారూ? ఇప్పుడు కొత్త వాల్యూమ్ పెట్టండి, అంటే ఫైళ్లకి గది. వాల్యూమ్!" అని అరిచాడు బావమరిది.

ఈ మాట మాత్రం పెద్దావిడకి బాగా అర్థమైంది. పిల్లవాడు అంత గట్టిగా అడుగుతుంటే కాదనడమెందుకని, ఇంటికప్పు లేచిపోయేలా టీవీ సౌండు పెంచింది. ఆ హోరులో "ఒకటి మీద నొక్కండి, సున్నా జోలికి పోకండి" అన్న మాటల్లో గుమాస్తా చెవిన పడింది 'సున్నా' ఒక్కటే. సున్నా మీద నొక్కాడు. అడిగిన ప్రతిదానికీ సరే, సరే అన్నాడు. ఆఫీసులో రోజూ చేసే పనే.

టీవీ తగ్గాక బావమరిది అడిగాడు. "ఒకటి మీదేగా నొక్కారు?"

"సున్నా అన్నావుగా."

అవతల బావమరిది గొంతు తగ్గించాడు. "సున్నా పాతది బావగారూ. అంతా తుడిచేశారు. అక్క దగ్గర్లో ఉందా?"

"వెనకే ఉంది."

ఆయన కుర్చీలోంచి లేవలేదు. లేచినా ఎక్కడికి పోవాలో తోచలేదు. భార్య ఆయన్ని కుర్చీతో సహా పక్కకి జరిపి, మౌస్ అందుకుని తన ఫోల్డర్ తెరిచింది. ప్రశ్నపత్రం అక్షరం చెక్కుచెదరకుండా ఉంది. కొత్త డిస్కు కూడా వచ్చి కూర్చుంది, కడిగిన పళ్ళెంలా ఖాళీగా.

"కేబుళ్లు అటూ ఇటూ మార్చారుగా, నంబర్లూ తారుమారయ్యాయి," అన్నాడు బావమరిది, ఏమాత్రం తడుముకోకుండా. "నేనందుకే మార్చమన్నాను."

గుమాస్తా వాదించే ఓపిక లేక ఫోన్ పెట్టేసి మూతకి స్క్రూలు బిగించసాగాడు. ఆయన ఆఖరి స్క్రూ దగ్గరికి వచ్చేసరికి, భార్య తెర మూలనున్న చెత్తబుట్ట బొమ్మ తెరిచింది. ఏడేళ్లుగా ఆయన తీసిపారేసిన ఫైళ్లన్నీ అందులోనే పేరుకుని, పాత డిస్కులో ముప్పాతిక భాగం ఆక్రమించుకుని ఉన్నాయి. ఆవిడ ఒక్క నొక్కుతో ఖాళీ చేసింది. వంద ప్రశ్నపత్రాలకి సరిపడా చోటొచ్చింది.

"అయితే కొత్తది విప్పేసి షాపులో ఇచ్చేయనా?" అన్నాడాయన, స్క్రూడ్రైవర్ చేతిలో పట్టుకుని నీరసంగా.

"వంటింటి చెత్తబుట్ట ఖాళీ చెయ్యమని పెళ్లైన దగ్గర్నుంచీ చెబుతూనే ఉన్నాను," అంది ఆవిడ. "ఇందులో కూడా ఒకటుందని నాకెవరూ చెప్పలేదు."