చల్లదనం కోసం మహాసభ

ఒక పెద్ద అడవిలో ఎండలు ముదిరి, మడుగు మోకాలిలోతుకి దిగిపోయింది. ఎవరి మోకాలని అడక్కండి, కుందేలుదే.

ఆ మడుగులో పైడమ్మ అనే కప్పకి అరవైమంది పిల్లలు. అందరికీ ఇంకా తోకలే, కాళ్లు రాలేదు. పైడమ్మ అధ్యక్షులు ఏనుగు భీమలింగంగారి దగ్గరికి పోయింది.

"పది రోజులు నీళ్లుంటే చాలు బాబూ, గెంతుకుంటూ బతికిపోతారు. గట్టుమీద చెట్లు విరవడం ఆపించండి, నీడైనా మిగులుతుంది."

"ముందు ప్రజాభిప్రాయం తీసుకోవాలి," అంది కార్యదర్శి నక్క.

తీసుకున్నారు. వేడి ప్రమాదమేనా అంటే అడవంతా చెయ్యెత్తింది. మరి చెట్లు విరవడం ఎవరు మానతారంటే అడవంతా పక్కవాడి మొహం చూసింది.

"నేను వీపు గోక్కునేది ఒక్క చెట్టుకేగా," అంది ఎలుగుబంటి. "అదీ నిన్ననే పడిపోయింది."

"ఇంత చైతన్యమున్న జనానికి సన్మానం చెయ్యకపోతే ఎలా?" అంది నక్క. అలా మహాసభ ఖాయమైంది.

సభంటే పందిరి ఉండాలి కదా. గట్టుమీద మిగిలిన నాలుగు నేరేడు చెట్లూ కొట్టి రాటలు పాతారు. ఆకులన్నీ తోరణాలకీ, వక్తల దండలకీ సరిపోయాయి. దుమ్ము లేవకూడదని మడుగు నీళ్లు తోడి చల్లారు. అధ్యక్షులవారు తాగడానికి ఒక్క కుండ మాత్రం నింపి వేదికమీద పెట్టారు.

పైడమ్మ బురదలో కొట్టుకుంటున్న పిల్లల్ని తామరాకులోకి ఎత్తుకుని, జనం చప్పట్లు కొడుతుండగా కుండలో వదిలేసి, అంచుమీద కూర్చుంది.

భీమలింగంగారు నీటి పొదుపుమీద మూడు గంటలు దంచారు. గొంతెండిపోయి కుండలో తొండం పెట్టబోతే, అరవై జతల కళ్లు పైకి చూశాయి.

"వీళ్లని తీసెయ్యమ్మా పైడమ్మా."

"తీసి ఎక్కడ పెట్టమంటారు బాబూ?"

ఆయన మడుగువైపు చూశారు. బురద తప్ప ఏం లేదు. పోనీ తాగేద్దామంటే సభంతా చూస్తోంది. పసిపిల్లల్ని తాగేసిన అధ్యక్షుడికి మళ్లీ ఓటెవరు వేస్తారు?

ఇక దండలు తెంపుకుని ఎండిపోయిన వాగులోకి పరిగెత్తారు. దంతాలతో ఇసక తవ్వితే చెలమలో నీళ్లూరాయి. ముందు ఆయన తాగారు, తర్వాత కుండ తెప్పించి పిల్లల్ని అందులోకి దింపారు. పందిరి పీకించి ఆ చెలమకే నీడ వేయించారు. సాయంత్రానికల్లా గట్టుమీద చెట్టు ముట్టుకుంటే తోలు తీస్తామని హుకుం వచ్చింది. అప్పటికి గట్టుమీద చెట్లే లేవనుకోండి, అందుకని నాటడం మొదలెట్టారు.

మహాసభ ఘనవిజయమని నక్క ఒక టేకాకుమీద నివేదిక రాసింది. పదోరోజున అరవైమందీ ఆ ఆకుమీంచే గెంతుకుంటూ పోయారు.

నీతి: లోకం వేడెక్కితే సభ పెట్టుకోండి, పని జరగాలంటే అధ్యక్షుడికి దాహం వెయ్యనివ్వండి.