నాలుగో నంబరు గదిలో ఎర్ర సిరా

రచన అనేది ఏకాంతంలో మాత్రమే పుడుతుందని పైవాళ్లు అధికారికంగా గుర్తించినరు. గుర్తించిన మూడు వారాలకే ఏకాంత రచనా ప్రోత్సాహక సంస్థ ఏర్పడింది. దానికొక లోగో, ఒక యాప్, ఒక గుండ్రటి ముద్ర మంజూరైనయి. (రచయితల సంగతి తర్వాత చూసుకోవచ్చని అనుకున్నరు.)

ఉట్నూరు దాటినంక టేకు అడవిలో పదిహేడు కిలోమీటర్లు పోతే ఒక పాత బంగళా ఉంటది. సిగ్నల్ లేదు, బస్సు రాదు, పక్కన ఇల్లు లేదు. ఏకాంతానికి కావల్సిన అర్హతలన్నీ ఉన్నయని తనిఖీ బృందం రాసిచ్చింది. పన్నెండు మందికి పదిరోజుల ఏకాంతం మంజూరైతే ముగ్గురం చేరినం.

మొదటాయన బుచ్చిరాములు. సిరిసిల్లలో పవర్‌లూమ్ నడుపుతడు, ఏడో తరగతితోని చదువు ఆగిపోయింది. ఆరేండ్ల నుంచి, డ్యూటీ దిగినంక, తనను కన్న అవ్వ మీద నవల రాస్తుండు. రెండువందల పన్నెండు కాయితాలు, ఒక్కటే ప్రతి. శిబిరం ముగిసే శుక్రవారం సాయంత్రం ఐదింటిలోపల పూర్తి రాతప్రతి అప్పజెప్తే సంస్థ అచ్చువేస్తది. ఒక్క కాయితం తక్కువైనా అది ‘అసంపూర్ణం’ కిందికి పోతది, మళ్ల అర్జీ పెట్టాలంటే మూడేండ్లు ఆగాలె.

రెండో ఆమె షాహిదా. కరీంనగర్‌లో టైలరింగ్ దుకాణం ఉన్నది, గిరాకి లేని మధ్యాహ్నాలు డిటెక్టివ్ కథలు రాస్తది. మూడోవాణ్ని నేను, ఒక పత్రికలో వారం వారం కాలమ్ రాస్త. (నియమావళి ప్రకారం అది రచన కిందికి రాదు. ఖాళీలు మరీ ఎక్కువున్నయని నన్ను కూడా చేర్చుకున్నరు.)

మా మీద అధికారి అంబదాస్ సారు, ఆదిలాబాద్ మనిషి. ముప్పై ఏడేండ్ల సర్వీసులో ఒక్క నిబంధన తప్పలే, రిటైర్మెంటుకు ఇంకా పదకొండు నెలలున్నది. వంటకు పక్క గూడెం నుంచి యాదవ్వ వస్తది.

రెండో రోజు గురువారం. అన్నం తిని చెయ్యి కడుక్కొని వచ్చేవరకు బుచ్చిరాములు బల్ల మీద ఎనిమిది కాయితాలు లేవు. బల్ల కింద వెతికినం, బావి కాడ వెతికినం. నాలుగుంబావుకు చూస్తే కాయితాలు ఎక్కడివక్కడనే ఉన్నయి. కాకపోతే ఒత్తులు, దీర్ఘాలు అన్నీ ఎర్ర సిరాతోని దిద్ది ఉన్నయి. ఒక అంచున ‘వాక్యం బాగుంది, మధ్యలో ఊపిరి తీసుకో’ అని, చివర్న ‘పదికి ఆరు’ అని రాసి ఉన్నది.

అంబదాస్ సారు ఫిర్యాదు ఫారం తీసిండు. ఘటన స్వభావం అన్న కాలమ్‌లో పాము, కోతి, అగ్ని, ఇతరములు అని ఉన్నయి. ‘ఇతరములు’ ఎదుట టిక్కు పెట్టిండు. కింది గడిలో ఇతరముల ఆధార్ నంబరు అడిగింది.

“దయ్యమని రాయలేను బుచ్చిరాములూ. దయ్యాలున్నట్టు జీవో లేదు” అన్నడు సారు.

“దయ్యమని నేననలే సార్. దిద్దినోళ్లెవరో చెప్పుండ్రి, సాలు.”

“ఎందుకు, కేసు పెడ్తవా?”

“దండం పెడ్త సార్. నా రాత ఇప్పటిదాంక ఎవలూ దిద్దలే.”

మరునాటి నుంచి ఒంటిగంటన్నర కాంగనే బుచ్చిరాములే ఎనిమిది కాయితాలు సర్ది బల్ల మీద పెట్టుడు మొదలుపెట్టిండు. మార్కులు ఆరున్నర అయినయి, ఏడయినయి. ఎనిమిది వచ్చిననాడు రెండు రొట్టెలు ఎక్కువ తిన్నడు.

షాహిదా మాత్రం దర్యాప్తు విడువలే. మొదటి అనుమానం నా మీదనే. నా చేతిరాత అడిగి తీసుకొని కిటికీ కాడ నిలబడి చూసింది. “మీరు కాదు లెండి. గా రాత ముత్యాల్లెక్కున్నది” అని నన్ను నిర్దోషిగా విడుదల చేసింది. మంగళవారం నాడు కుర్చీలో దుప్పటి కప్పుకొని నిద్రపోయినట్టు కూసున్నది. ఆమె చెప్పిందేందంటే, కాయితాలు బల్ల మీదికెల్లి మెల్లగ దిగినయట, వరండాలో నేలను పట్టుకొని జారుకుంట పోయినయట, నాలుగో నంబరు గది తలుపు కింది సందులకెల్లి లోపలికి పోయినయట. ఆ గదికి ఎన్నేండ్ల సంది తాళమో ఎవలకు తెల్వదు. తాళంచెవి హెడ్డాఫీసుల ఉన్నది. అది కావాలంటే యాప్‌లో దరఖాస్తు చెయ్యాలె. యాప్ తెరవాలంటే ఓటీపీ రావాలె. ఓటీపీ రావాలంటే ఉట్నూరు పోవాలె. (ఉట్నూరు పోతే ఏకాంతం భంగమైనట్టు, శిబిరం నుంచి పేరు తీసేస్తరు.)

సాయంత్రం చాయ్ తాగుకుంట షాహిదా లెక్క తేల్చింది. “శనివారం రాలే, ఆదివారం రాలే. అది రెండో శనివారం. పొద్దున పదిన్నరకు ముందు అలికిడి లేదు, నాలుగుంబావు దాటితే ఒక్క నిమిషం ఉండది. సార్, ఇది సర్కారు నౌకరి చేసిన దయ్యం. ఎర్ర సిరా అంటే టీచరే.”

అంబదాస్ సారు కుర్చీలకెల్లి లేచి నిలబడ్డడు. “నాకంటె సీనియరేమో” అన్నడు.

కాని దయ్యానికి సీనియారిటీ ఉన్నా రాతప్రతుల భద్రతకు ఒక మార్గదర్శక సూత్రం ఉన్నది. అనుమానాస్పద గదిని అన్ని వైపులా మూసి సీలు వెయ్యాలె. బుధవారమంతా సారు లక్క కోసం వెతికిండు. గురువారం మూడింటికి దొరికింది. తలుపు కింది సందులో గోనెపట్ట దోపి, నాలుగు దిక్కుల లక్క పోసి, గుండ్రటి ముద్ర కొట్టిండు. తప్పులేకుండ చేసిన పని.

ఆనాడే బుచ్చిరాములు ఆఖరి అధ్యాయం బల్ల మీద పెట్టిండు. పన్నెండు కాయితాలు, అవ్వ చనిపోయే అధ్యాయం. అవి రెండింటికి లోపలికి పోయినయి. నాలుగుంబావుకు బయటికి రాలే. శుక్రవారం పొద్దున కూడా రాలే.

బుచ్చిరాములు నాలుగో నంబరు గది ముందర గోడకు ఒరిగి కూసున్నడు. బువ్వ తినలే. “మళ్ల రాయరాదుండ్రి, సాయంత్రం దాంక టైమున్నది” అన్న నేను.

“అవ్వ ఒక్కసారే సచ్చిపోయింది సార్. రెండోసారి రాయ నాతోని కాదు.”

షాహిదా వచ్చి లక్క మీద వేలుపెట్టి చూసింది. “అంబదాస్ సార్, తలుపు దయ్యానికి అడ్డంగాదు. కాయితానికి అడ్డం. లోపలి టీచరు ఇద్దామన్నా మీ సీలు ఇయ్యనిస్తలేదు.”

అప్పుడే యాదవ్వ చాయ్ పట్టుకొచ్చింది. తలుపును చూసి పళ్లెం కింద పెట్టింది. “నర్మద టీచరమ్మను లోపట పెట్టి సీలేసిండ్రా సారూ?”

అందరం ఆమె దిక్కు చూసినం. “నీకు తెలుసా? ఇన్నిరోజులు చెప్పలేదేంది?” అన్నది షాహిదా.

“ఎవలడిగిండ్రు బిడ్డా? అందరు కూరేంది అనే అడిగిండ్రు.”

ముప్పై ఆరేండ్ల కింద గూడెం బడికి నర్మద ఒక్కతే టీచరు. యాదవ్వకు అ ఆలు దిద్దించింది ఆమెనే. ఆ ఏడు క్వార్టర్లీ పరీక్ష ఈ బంగళాలనే పెట్టినరు. నలభై పేపర్లు దిద్ది, వచ్చే అధికారికి అప్పజెప్పి, రిలీవింగ్ ఆర్డర్ తీసుకున్నంకనే కదలాలని ఆమెకు కాయితం వచ్చింది. వాన పట్టింది, వాగు దాటరాలే. జ్వరం పట్టింది. గూడెపోళ్లు ఎత్తుకపోతమంటే ‘పేపర్లు అప్పజెప్పిందాంక రాను’ అన్నదట. అధికారి రాలే. ఆమె ఆ గదిలనే పోయింది.

“పేపర్లెవలు తీస్కపోయిండ్రు?” అన్నడు అంబదాస్ సారు.

“ఎవలొచ్చిండ్రు సారూ తీస్కపోను?”

సారు లక్క మీద తన ముద్ర దిక్కు చూసిండు. సీలు తియ్యాలంటే ఇద్దరు గెజిటెడ్ అధికారులు సాక్షులుండాలె. అడవిలో గెజిటెడ్ అయినవి ఏవీ లేవు. “యాదవ్వా, నూరే పొత్రం తే” అన్నడు. తెచ్చినంక చొక్కా చేతులు మడిచి, మూడు దెబ్బలకు తాళం తానే పగులగొట్టిండు.

లోపల ఒక బల్ల, ఒక కుర్చీ, దారంతోని కట్టిన నలభై జవాబు పత్రాల కట్ట. దాని పక్కన బుచ్చిరాములు పన్నెండు కాయితాలు. వాటిల ఎక్కడా ఎర్ర గీత లేదు. చివర్న మాత్రం రాసి ఉన్నది: ‘తెలుగుకు పదికి పది వేయరాదని నిబంధన. తొమ్మిదిన్నర.’

బుచ్చిరాములు కాయితాలు పట్టుకొని ఖాళీ కుర్చీకి దండం పెట్టిండు. షాహిదా దుపట్ట కొంగుతో ముక్కు తుడుచుకున్నది. దుమ్మని చెప్పింది.

అంబదాస్ సారు కుర్చీలో కూసోలే. నిలబడే ఆ పేపర్లు ఒక్కొక్కటి లెక్కబెట్టిండు. తెల్లకాయితం తీసి మంచి చేతిరాతతోని రాసిండు: ‘జవాబు పత్రాలు నలభై సరిగ్గా ముట్టినయి. ఉపాధ్యాయురాలు నర్మద గారిని ఈ రోజు మధ్యాహ్నం నుండి విధుల నుండి రిలీవ్ చేయనైనది.’ సంతకం పెట్టి ముద్ర కొట్టిండు. కాసేపు ఆగి, కింద ‘ఆలస్యానికి చింతిస్తున్నాము’ అని చేర్చిండు. (ఈ వాక్యం ఏ నమూనాలోనూ లేదు.)

ఆ ఆర్డరు కాయితం బల్ల మీదికెల్లి లేచింది. వరండా దాటింది, మెట్లు దిగింది, ఆకు కూడా కదలని ఎండలో వాగు దిక్కు పోయింది. “పైలంగ పో టీచరమ్మా” అన్నది యాదవ్వ. అప్పుడు మూడుంబావు. నాలుగుంబావుకు ముందే ఆమె డ్యూటీ దిగిపోవుడు అదే మొదటిసారి. పర్మిషన్ ఉన్నది.

బుచ్చిరాములు నాలుగూ యాభైకి రాతప్రతి అప్పజెప్పి, శనివారం పొద్దున సిరిసిల్లలో మగ్గం మీదికి పోయిండు. నవల అచ్చయింది. సంస్థ ప్రూఫ్ రీడర్లు ఒత్తులు చాలావరకు తీసేసినరు.

అంబదాస్ సారుకు మెమో వచ్చింది. సీలు పగులగొట్టుడు మొదటి తప్పు. వేరే శాఖ ఉద్యోగిని రిలీవ్ చేసుడు రెండోది. మూడోదాన్ని విచారణాధికారి క్షమించరానిదన్నడు: బదులు మనిషి రాకముందే రిలీవ్ చేసుడు. అట్ల చేసినవాళ్లు, బదులు మనిషి చేరేదాంక ఆ పోస్టు చార్జి తామే తీసుకోవాలని నిబంధన. సారు అదే వారం బంగళాల చేరిండు. చేరినట్టు రిపోర్టు రెండు ప్రతులు పంపిండు.

మొన్న ఆయన సామాన్లకు ఉట్నూరు వచ్చిననాడు షాహిదా ఫోన్ కలిసింది. రిటైర్మెంట్ ఎప్పుడు సార్ అని అడిగింది.

“తారీఖు అయిపోయిందమ్మా. రిలీవ్ చెయ్యాలె గదా” అన్నడట.

ఈ నెల రెండో శిబిరానికి ప్రకటన వెలువడింది. ప్రశాంత వాతావరణం, రుచికరమైన భోజనం అని ఉన్నది. కింద చిన్న అక్షరాల్లో, బంగళాలో శాశ్వత సిబ్బంది అందుబాటులో ఉంటారని కూడా ఉన్నది.