దారి తప్పిన నాళం

కండక్టరమ్మకి చేసిన పిత్తాశయం ఆపరేషన్ నూటికి నూరుపాళ్లు విజయవంతమైంది. ఈ సంగతి సర్జనుగారే స్వయంగా ప్రకటించారు. నొప్పి పుట్టించిన రాళ్లను చిన్న సీసాలో వేసి ఆమె భర్త చేతికిచ్చారు కూడా. ఆయన దాన్ని వచ్చిన చుట్టాలందరికీ చూపించి మురిసిపోయాడు.

వారం తిరక్కుండానే ఆమె పచ్చబడింది. పరామర్శకొచ్చిన బస్సు డ్రైవరు తెగ మెచ్చుకున్నాడు.

"పసిమి ఛాయ తిరిగిందక్కా! ఆపరేషన్ నీకు బాగా పడింది."

ఛాయతోపాటు ఒళ్లంతా దురద, చలిజ్వరం, వాంతులు కూడా వచ్చాయి. సర్జనుగారు ఆమె వంక చూడకుండానే ధైర్యం చెప్పారు. "ఇవన్నీ మామూలేనమ్మా. మీకున్నది భయం, అంతే." భయానికి మాత్రలు రాశారు. అవీ పచ్చగానే ఉన్నాయి.

మరోసారి వెళ్లినప్పుడు ఆమె ఆస్పత్రి గుమ్మంలోనే కుప్పకూలింది. భర్త హడలిపోయి వేరే ఆస్పత్రికి పట్టుకుపోయాడు. అసలు విషయం అక్కడ బయటపడింది. పిత్తాశయం గొట్టానికి పెట్టాల్సిన క్లిప్పును, కాలేయం నుంచి పేగుకి పైత్యరసం మోసే పెద్ద నాళానికి బిగించేశారు. మళ్లీ పొట్ట కోసి, పేగును పైకి లాగి కాలేయానికి కలిపి కుట్టారు. ప్రాణం నిలబడింది. బస్సు కుదుపులు మాత్రం ఇక పడవన్నారు. జనంతో కబుర్లాడుతూ ఊరంతా తిరిగిన మనిషిని, ప్రయాణికులు మరిచిపోయిన గొడుగులు దాచే గదిలో కూర్చోబెట్టారు. గొడుగులు మాట్లాడవు. ఆమె సర్జనుగారి మీద వైద్యమండలికి ఫిర్యాదు చేసింది.

"డాక్టర్లతో గొడవెందుకే? రేపు మళ్లీ వాళ్ల చేతుల్లోనే పడాలిగా," అన్నాడు అన్నయ్య.

"అందుకే అడుగుతున్నా అన్నయ్యా."

విచారణ సంఘంలో ముగ్గురు సర్జన్లు. ముగ్గురూ ఆ సర్జనుగారి శిష్యులే కనుక, ఆయన పనితనం వాళ్లకన్నా తెలిసినవాళ్లు దొరకరు. గురువుగారు కూర్చోమన్నాక కూర్చుని, నిష్పాక్షికంగా విచారణ మొదలుపెట్టారు. అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు.

"వారి చెయ్యి తప్పడమన్నది జరగదు. నాళమే ఉండవలసిన చోట లేదు. ఇది రోగి శరీరంలో క్రమశిక్షణ లోపించడం తప్ప మరొకటి కాదు!"

కండక్టరమ్మకి ఒళ్లు మండిపోయింది. "మా డ్రైవరు బస్సుని గోడకి గుద్దేసి, గోడ ఉండాల్సిన చోట లేదంటే మీరు ఊరుకుంటారా అండీ?"

సంఘం ఆ మాటను శ్రద్ధగా విని తన తీర్పులో చేర్చింది: "రోగి గట్టిగా మాట్లాడగలుగుతున్నారు. ఆపరేషన్ విజయవంతమైందనడానికి ఇదే నిదర్శనం."

ఆమె కోర్టుకెక్కింది. వాయిదాలన్నిటికీ కడుపు పట్టుకునే వెళ్లింది. చివరికి జడ్జిగారు నిర్లక్ష్యం నిర్లక్ష్యమేనని తేల్చేశారు. పేపర్లో ఫొటోలు పడ్డాయి. సర్జనుగారిది పెద్దది, ఆమెది చిన్నది.

మర్నాడు పొద్దున్నే గుమ్మం ముందు జనం. తనని అభినందించడానికే వచ్చారనుకుని ఆమె కళ్లు చెమర్చాయి. ముందు అన్నయ్య, చంకలో స్కానింగు కవరు.

"మీ వదినకీ రాళ్లేనటే. ఆ డాక్టరు పేపరుకెక్కేంత పెద్దవాడైపోయాడు, ఇప్పుడు మనలాంటివాళ్లకి దొరకడు. నీకు బాగా పరిచయం కదా, ఓ మాట చెప్పు."

"ఆయన దగ్గరికి వదినని నేను పంపను," అందామె.

అన్నయ్య మొహం మాడిపోయింది. "కేసు గెలిచాక నీకు బాగా పొగరెక్కిందే!"

వెనకాల కవర్లు పట్టుకుని నిలబడ్డవాళ్లంతా నిజమేనన్నట్టు తలలూపారు.