నూట ఇరవై ఫారాలు, ఒక ఎర్ర పెన్ను

ఆ ఉదయం కోడలి ప్రణాళిక చాలా చిన్నది. భోజనాల బల్ల మీదున్న నూట ఇరవై సర్వే ఫారాల కట్టను సంచిలో పెట్టుకోవాలి, తొమ్మిదింటికల్లా ఆఫీసులో ఇచ్చెయ్యాలి, మేనేజరు చేత శెభాష్ అనిపించుకోవాలి. ఐదేళ్ళుగా ఆమెది తాత్కాలిక ఉద్యోగం. వార్డు ఎన్నికల ముందు చేసే ఈ ప్రజాభిప్రాయ సర్వే సవ్యంగా జరిగితే పర్మనెంటు చేస్తానని మేనేజరు మాటిచ్చాడు. అందుకే వారం రోజులు ఇంటింటికీ తిరిగి, కరిచే కుక్కలున్న ఇళ్ళను కూడా వదలకుండా, ఫారాలన్నీ నింపించుకొచ్చింది.

బల్ల దగ్గర అత్తగారు కూర్చుని ఉంది. ముప్పై నాలుగేళ్ళు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. వీధంతా ఆవిడను పెద్ద టీచరు అనే పిలుస్తుంది. రిటైరై పదేళ్ళయినా నాలుగింటికే లేవడం మానలేదు, ఎర్ర పెన్నూ మానలేదు. పెళ్ళి శుభలేఖ గానీ, మందుల డబ్బా గానీ, కొడుకు రాసుకున్న సెలవుచీటీ గానీ, తప్పంటూ కనిపిస్తే దిద్దాల్సిందే.

"మీ జనానికి చదువు అబ్బలేదమ్మా," అంది పెద్ద టీచరు, వేళ్ళకంటిన ఎర్ర సిరా తుడుచుకుంటూ.

"మా జనం ఏమిటత్తయ్యా, అందరూ మన వార్డువాళ్ళేగా!" అంటూ కోడలు కట్ట అందుకుని పరుగెత్తింది.

పరుగెందుకంటే, వీధి మొదట్లో ఉండాల్సిన బస్సు స్టాపు లేదు. రెండేళ్ళ క్రితం రోడ్డు తవ్వాలని బోర్డు పీకారు, తవ్వకం అయ్యాక పాతడం మరిచిపోయారు. ఇప్పుడు బస్సెక్కాలంటే మైలు దూరం నడవాలి. కోడలు నడవగలదు. మోకాళ్ళు అరిగిపోయిన పెద్ద టీచరు నడవలేదు. ఆటోలో ప్రతి గతుకూ మోకాలికే తగులుతుందని అదీ ఎక్కదు. ఊరికి అటు చివరున్న చెల్లెలిని చూసి కూడా ఆ రెండేళ్ళే అయింది. స్టాపు కోసం పదకొండు అర్జీలు రాసింది. "ఏమీ రాయని పిల్లాడికి కూడా నేను సున్నా వేసి పంపేదాన్ని. వీళ్ళు ఆ సున్నా కూడా వెయ్యలేదు," అని అప్పుడప్పుడు కళ్ళు తుడుచుకునేది.

మధ్యాహ్నం ఆఫీసులో మేనేజరు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. ఆయన్ని అందరూ శాతాల సారు అంటారు. ఆకలేసినా "డెబ్బై శాతం ఆకలిగా ఉంది" అనే రకం.

"నూటికి నూరు శాతం! నా పాతికేళ్ళ సర్వీసులో ఇలాంటి ఫలితం చూళ్ళేదమ్మా. పత్రికకి పంపేశాను కూడా!"

"దేనికి సార్ నూరు శాతం?" అంది కోడలు.

"బస్సు స్టాపుకి!"

కోడలికి ఎర్ర సిరా తుడుచుకుంటున్న అత్తగారు గుర్తొచ్చింది. ఫారాలు లెక్కకెక్కించే కంప్యూటరు అమ్మాయి బల్ల దగ్గరికి పరుగెత్తి కట్ట విప్పింది. ‘మీ వార్డు సభ్యుడి పనితీరు ఎలా ఉంది?’ అన్న ప్రశ్న కింద జనం రాసిన ‘బాగుంది’, ‘పర్వాలేదు’, ‘ఏమోనండీ’ అన్నీ ఎర్ర పెన్నుతో కొట్టేసి ఉన్నాయి. ప్రతి ఫారం మీదా గుండ్రటి అక్షరాల్లో ఒకటే వాక్యం: ‘తప్పు. బస్సు స్టాపు ఏది?’

"కొట్టివేతలుంటే చివర రాసిందే లెక్క అక్కా," అంది కంప్యూటరు అమ్మాయి తాపీగా. "రూలు రూలే."

కోడలు ఇంటికొచ్చి సంచి విసిరికొట్టింది. "అత్తయ్యా, అవి పరీక్ష పేపర్లు కావు! జనం అభిప్రాయాలు!"

"అభిప్రాయమైతే మాత్రం? స్టాపు పీకేసిన మనిషి పని బాగుందని మందుల షాపాయన రాస్తే, టిక్కు పెట్టి కూర్చోమంటావా?"

"నా ఉద్యోగం పోతుందత్తయ్యా!"

పెద్ద టీచరు ముఖం వాడిపోయింది. తప్పులు దిద్దడమే గానీ చెయ్యడం ఆవిడకి అలవాటు లేదు. "అంతదూరం ఆలోచించలేదే తల్లీ. రేపే మీ ఆఫీసుకొచ్చి తప్పు నాదని చెప్తాను," అంది. మోకాళ్ళు తడుముకుంటూ, "కానీ రావడానికి బస్సేదీ?" అంది.

మర్నాడు పత్రికలో పెద్దక్షరాలతో వచ్చింది: ‘భగ్గుమంటున్న వార్డు. బస్సు స్టాపు కోసం ఒక్కటైన జనం.’ కొడుకు చదివి, పత్రికను బల్లకేసి కొట్టాడు.

"చూశావా అమ్మా! మనకింత కోపంగా ఉందని నాకు తెలీనే తెలీదు!"

సాయంత్రానికి వీధి వీధంతా అదే మాట. సభ్యుడి పని బాగుందని రాసిన మందుల షాపాయన, కౌంటరు వదిలి నడిరోడ్డు మీదకొచ్చి, "నేను ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నా, వింటేగా!" అని అరుస్తున్నాడు. ‘ఏమోనండీ’ అని రాసిన ఇస్త్రీ ఆయనకైతే ఆవేశంలో ఒక చొక్కా కాలిపోయింది. ఎన్నికల్లో పోటీకి దిగిన కొత్త అభ్యర్థి ఊరుకుంటాడా? మనుషుల్ని పెట్టి ఓ సిమెంటు బెంచీ మోయించుకొచ్చి, పాత స్టాపున్న చోట దింపించి, "ప్రజల నాడి నాకు తెలుసు!" అని దాని మీదెక్కి నిలబడ్డాడు.

పదవిలో ఉన్న సభ్యుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. తిన్నగా సర్వే ఆఫీసుకొచ్చి ఫారాలు చూపించమన్నాడు. నూట ఇరవై ఫారాలు, ఒకటే ఎర్ర సిరా, ఒకటే చేతిరాత.

"ఇది సర్వేనా, నా మీద కుట్రా?"

అప్పటిదాకా కంప్యూటరు పట్టిక తప్ప ఫారాల ముఖం చూడని శాతాల సారుకి చెమటలు పట్టాయి. కోడలు దాచలేదు. "మా అత్తగారు దిద్దారండీ," అంది తలొంచుకుని.

"నువ్వు ఇంటికెళ్ళమ్మా," అన్నాడు శాతాల సారు నీరసంగా. "నూటికి నూరు శాతం."

సభ్యుడు అంతటితో వదల్లేదు. "ఎల్లుండి మళ్ళీ రాయిస్తాను. అవే ఇళ్ళు, అవే మనుషులు, పేర్లుండవు, నా కళ్ళ ముందే పెట్టెలో వెయ్యాలి. ఆ దిద్దినావిడ చేత కూడా రాయించండి. అప్పుడు తెలుస్తుంది ఎవరి బండారమేంటో!"

సభ్యుడు చెప్పిన రోజుకి వీధిలో బల్ల వేశారు. నూట ఇరవై మంది ఒక్కొక్కరే వచ్చి, చేయి అడ్డం పెట్టుకుని రాసి, పెట్టెలో వేశారు. అందరికన్నా చివర పెద్ద టీచరు కోడలి భుజం పట్టుకుని వచ్చి, చాలాసేపు రాసింది. ఉద్యోగం పోయిన కోడలు గోడకానుకుని, ఏడుపు ఆపుకుంటూ చూసింది. పెట్టె తెరిచి, కంప్యూటరు అమ్మాయి ఒక్కొక్కటే పైకి చదివింది.

"బస్సు స్టాపు... బస్సు స్టాపు... బస్సు స్టాపు ఏది?..."

యాభై దాటేసరికి సభ్యుడు కూర్చున్నాడు. వంద దాటేసరికి మంచినీళ్ళడిగాడు. నూట ఇరవై ఒక్క ఫారాల్లో నూట ఇరవై బస్సు స్టాపునే అడిగాయి. ఒక్కటంటే ఒక్క దాంట్లో, కోడిగీతల్లాంటి రాతతో ‘బాగుంది’ అని ఉంది. నాలుగు రోజుల క్రితం అబద్ధమైన సర్వే, పత్రిక చదివిన జనం పుణ్యమా అని, అక్షరాలా నిజమైపోయింది.

సభ్యుడు మంచినీళ్ళు తాగి, లేచి, గొంతు సవరించుకుని, "ఈ స్టాపు కోసం మొదట్నుంచీ పోరాడుతున్నది నేనే!" అన్నాడు. వారం తిరక్కుండా బోర్డు పాతించాడు. బెంచీ కొత్త అభ్యర్థిది కాబట్టి, దాని మీద రేకుల కప్పు తనది వేయించాడు. వెంటనే కొత్త అభ్యర్థి దీపం పెట్టించాడు. వాళ్ళ పంతం వాళ్ళది, నీడ జనానిది.

మొదటి బస్సు ఆగిన రోజు వీధంతా చప్పట్లు కొట్టింది. మందుల షాపాయన ఈల కూడా వేశాడు. పెద్ద టీచరు మోకాళ్ళ మీద చేతులు ఆన్చుకుంటూ, ఒక్కో మెట్టూ ఎక్కి, కిటికీ పక్కన మహారాణిలా కూర్చుంది. చెల్లెలికి ఫోన్ చేసి, "బయల్దేరానే!" అని బస్సంతా వినబడేలా చెప్పింది.

పక్కన కోడలు, శాతాల సారు మళ్ళీ పిలిచి చేతికిచ్చిన పర్మనెంటు ఆర్డరు కాగితాన్ని నాలుగోసారి చదువుకుంటోంది. "తొంభై తొమ్మిది పాయింటు ఒకటి ఏడు శాతం అత్తయ్యా! ఆ ఒక్క ఫారం వల్లే ఈసారి సర్వేని ఎవరూ వేలెత్తి చూపలేకపోయారట. ఆ ‘బాగుంది’ రాసిన పుణ్యాత్ముడెవరోనని సారు తెగ ఆలోచిస్తున్నారు."

"నేనే, ఎడమ చేత్తో రాశా," అంది పెద్ద టీచరు, కిటికీలోంచి చూపు తిప్పకుండా. "అందరి పేపర్లూ ఒకేలా ఉంటే కాపీ కొట్టారంటారమ్మా."